పండుగ రంగు వెనుక దాగిన తడి

ఇంటిని అల్లాహ్ తన దాసులకు ప్రశాంతి నిలయంగా చేశాడని దివ్య ఖుర్ఆన్ నహల్ సూరా (16:80) గుర్తు చేస్తుంది. ఆ ప్రశాంతికి కంచె గోడ. ఎండకు, వానకు, పరుల చూపుకు అడ్డుగా నిలిచి కుటుంబ గౌరవాన్ని కాపాడేది అదే. అయినా మన ఇళ్లలో అందరికన్నా ఆలస్యంగా మన దృష్టికి వచ్చేది కూడా బయటి గోడే.

కహఫ్ సూరా (18:77-82)లో ఒక గోడ ప్రస్తావన ఉంది. హజ్రత్ మూసా (అ), హజ్రత్ ఖిజ్ర్ (అ) ఒక ఊరికి చేరుకుంటారు. ఆ ఊరివారు వారికి అన్నం పెట్టడానికి నిరాకరిస్తారు. అక్కడే కూలడానికి సిద్ధంగా ఉన్న ఒక గోడను ఖిజ్ర్ (అ) చక్కబరుస్తారు, అదీ ఏ ప్రతిఫలమూ తీసుకోకుండా. ఆ గోడ కింద ఇద్దరు అనాథ బాలుర నిధి ఉందని, వారి తండ్రి సజ్జనుడని, పిల్లలు పెద్దవారై తమ నిధిని తాము తీసుకోవాలన్నది దైవేచ్ఛ అని తరువాత తెలుస్తుంది. ఈ వృత్తాంతంలోని లోతైన అర్థాలను వ్యాఖ్యాతలు వివరంగా చర్చించారు. మేము ఇక్కడ గమనించదలచింది ఒక్కటే. గోడను నిలబెట్టడం సామాన్యమైన తాపీ పనిలా కనిపించినా, దాని వెనుక కొందరి హక్కు, కొందరి భద్రత ఉంటాయి.

మన ఇళ్ల సంగతికి వద్దాం. రంజాన్ దగ్గర పడుతోందనగానే చాలా కుటుంబాలు ఇంటికి రంగు వేయించే ఆలోచనలో పడతాయి. వానాకాలంలో ఉబ్బిన చోట పెచ్చులు గీకి, బీటల్లో కాస్త సిమెంటో పుట్టీయో మెత్తి, వారం రోజుల్లో పని ముగిస్తారు. పండుగ నాటికి ఇల్లు మెరుస్తుంది. తరువాతి వానలకు అవే చోట్ల రంగు మళ్లీ పొక్కులు పొక్కుతుంది, అవే బీటలు మళ్లీ తెరుచుకుంటాయి. కష్టార్జితం రెండేళ్లకోసారి ఇలా రాలిపోవడానికి కారణం చాలావరకు రంగు నాణ్యత కాదు. గోడలోకి నీరు వచ్చే దారిని మూయకుండా, ఆ నీటిపై రంగు కప్పడమే అసలు కారణం.

రంగు ఎందుకు రాలుతుంది?

ఇటుక గోడపై వేసే సిమెంటు పూత గోడకు చర్మం వంటిది. బయటి గోడలకు సాధారణంగా రెండు వరుసల్లో సుమారు 20 మిల్లీమీటర్ల మందాన ఈ పూత వేస్తారు. దానిపై రంగు పలుచని పొర మాత్రమే. ఎక్కడో ఒక సందు నుంచి నీరు లోపలికి చేరితే ఇటుక దాన్ని పీల్చుకుంటుంది. ఎండ కాసినప్పుడు ఆ తడి బయటికి రావాలని చూస్తుంది. రంగు పొర అడ్డు పడితే దాని వెనుక ఒత్తిడి పెరిగి పొక్కు లేస్తుంది, తరువాత పెచ్చుగా రాలుతుంది.

తడితోపాటు ఉప్పు కూడా వస్తుంది. ఇటుకలోను, ఇసుకలోను, కట్టుబడికి వాడిన బోరు నీటిలోను ఉండే లవణాలు నీటిలో కరిగి గోడ పైభాగానికి చేరుతాయి. నీరు ఆవిరైపోతే అవి తెల్లని పొడిగా మిగులుతాయి. కొన్నిసార్లు రంగు కిందనే గడ్డకట్టి పూతనే నెట్టివేస్తాయి. గోడ అడుగున మోకాలి ఎత్తు వరకు పూత పిండిలా రాలుతోందంటే నేలలోని చెమ్మ పైకి ఎగబాకుతోందని భావించాలి.

తడి లేకపోయినా రంగు రాలే సందర్భాలు ఉన్నాయి. పాత సున్నం పొడిబారి ఉన్న గోడపై నేరుగా కొత్త రంగు వేస్తే అది గోడకు కాక ఆ పొడికి అంటుకుంటుంది. అరచేతితో గోడను రుద్ది చూడండి. చేతికి తెల్లని పొడి అంటితే ఆ గోడ ఇంకా రంగుకు సిద్ధం కాలేదు. కొత్త సిమెంటు పూత పూర్తిగా ఆరకముందే రంగు వేసినా, అందులోని క్షారం రంగును పాడు చేస్తుంది. లోపలి గదులకు వాడే డిస్టెంపర్‌ను, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌ను బయటి గోడలకు వాడటం మరో పొరపాటు. అవి వాన నీటికి నిలవవు.

ముందు నీటి దారి వెతకాలి

గోడకు మరమ్మతు మొదలుపెట్టే ముందు ఇంటి చుట్టూ ఒకసారి పైనుంచి కిందికి చూడాలి. వాన కురుస్తున్నప్పుడే చూడగలిగితే మరీ మంచిది, ఎందుకంటే నీరు తన దారిని తానే చూపిస్తుంది.

మొదట పిట్టగోడ. డాబాపై పిట్టగోడ పైభాగం పగిలి ఉంటే వాన నేరుగా గోడ గుండెలోకి దిగుతుంది. కింద ఎన్ని పూతలు వేసినా ప్రయోజనం ఉండదు. తరువాత సజ్జాలు. సజ్జా అంచు అడుగున చిన్న గాడి ఉండాలి. ఆ గాడి ఉంటే నీరు అక్కడే చుక్కలుగా రాలిపోతుంది, లేకుంటే సజ్జా అడుగుభాగం వెంట పాకి గోడలోకి చేరుతుంది. డాబా తూములు గోడకు ఆనుకొని నీరు వదులుతున్నాయా, గొట్టాల అతుకులు కారుతున్నాయా, స్నానాల గది వెనుక గోడ ఎండాకాలంలోను తడిగానే ఉంటోందా, కిటికీ దిమ్మ వాలు లోపలికి ఉందా అన్నవి వరుసగా పరిశీలించాలి. గోడకు ఆనించి మట్టి పోసి మొక్కలు పెంచుతున్నా, వీధి మట్టం పెరిగి పునాది మట్టం కంటే పైకి వచ్చినా అడుగు చెమ్మ తప్పదు.

తడి లోపలి నుంచి వస్తోందా లేదా అని తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఉంది. జానెడు చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు ఆనించి నాలుగు అంచులనూ టేపుతో గట్టిగా అంటించి ఒక రోజంతా వదిలేయాలి. కాగితం లోపలి వైపున నీటి బిందువులు పేరితే గోడలో తడి ఉన్నట్లే. అటువంటి గోడకు ఆ వారం రంగు వేయించడం డబ్బును నీళ్లలో పోసినట్లే.

బీట ఏమి చెబుతోంది?

బీటలన్నీ ఒకటి కావు. భారతీయ ప్రమాణాల సంస్థ 1984లో వెలువరించిన కట్టడాల పగుళ్ల కరదీపిక వాటిని వెడల్పును బట్టి మూడు రకాలుగా విభజించింది. 1 మిల్లీమీటరు కన్నా తక్కువ ఉన్నవి సన్ననివి, 1 నుంచి 2 మిల్లీమీటర్ల వరకు మధ్యరకం, 2 మిల్లీమీటర్లకు మించినవి వెడల్పైనవి. వెడల్పుతోపాటు బీట ఆకారాన్ని, అది ఉన్న చోటును కూడా గమనించాలి.

పూతపై సాలెగూడులా అల్లుకున్న సన్నని నెర్రెలు సాధారణంగా పూతకే పరిమితమైనవి. సిమెంటు పాలు ఎక్కువ కావడం, ఇసుక మరీ సన్నగా ఉండటం, పూత వేశాక నీళ్లు సరిగా పట్టకపోవడం వీటికి కారణాలు. ఇల్లు కూలుతుందన్న భయం అక్కర్లేదు. కానీ వాన నీరు వాటిలోంచి దిగుతుంది కనుక మూయాలి.

కాంక్రీటు పిల్లరు, ఇటుక గోడ కలిసే చోట నిలువుగాను, స్లాబు కింద అడ్డంగాను తిన్నని గీతలా కనిపించే బీటలు మన ప్రాంతంలో సర్వసాధారణం. వేసవి ఎండకు స్లాబు సాగుతుంది, రాత్రి చలికి ముడుచుకుంటుంది. ఇటుక, కాంక్రీటు ఒకే రీతిగా కదలవు. వాటి నడుమ అతుకు తెరుచుకుంటుంది. ఇవి ఏటా కదిలే బీటలు. గట్టి సిమెంటుతో నింపితే మరుసటి వేసవికి మళ్లీ విచ్చుకుంటాయి.

కిటికీ, తలుపుల మూలల నుంచి ఏటవాలుగా పాకే బీటలు, ఇటుకల వరుసను అనుసరించి మెట్లు మెట్లుగా దిగే బీటలు పునాది కదలికకు సూచన కావచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నోరు తెరుస్తుంది. దానిపై లోతు తక్కువ పునాదులతో కట్టిన ఇల్లు ఏటేటా కొద్దికొద్దిగా లేస్తూ దిగుతూ ఉంటుంది. ఇంటి చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయించి, గోడ పక్కన నీరు నిలవకుండా చూస్తే ఈ కదలిక తగ్గుతుంది.

సముద్రతీర జిల్లాల్లో మరో ప్రమాదం ఉంది. ఉప్పు గాలి, తేమ కలిసి కాంక్రీటులోని ఇనుమును తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పిల్లరు వెంబడి పొడవునా బీట, దాని చుట్టూ గోధుమరంగు మరక, సజ్జా అడుగున పెచ్చులూడి కనిపించే ఊచలు దీనికి గుర్తులు. పైన రంగు వేస్తే ఈ వ్యాధి ఆగదు.

అనుమానం ఉన్న బీటకు రెండు చివరలా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, వెడల్పు వ్రాసి ఉంచాలి. నెలకొకసారి చూస్తూ కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి గడిచేవరకు పరిశీలించాలి. బీట పెరుగుతున్నా, ఒకే చోట గోడ లోపలా బయటా కనిపిస్తున్నా, గోడ ఉబ్బినట్లున్నా, తలుపులు ఉన్నట్లుండి బిగుసుకుంటున్నా, వెడల్పు 2 మిల్లీమీటర్లు దాటినా రంగు మేస్త్రీని కాదు, కట్టడాల ఇంజనీరును పిలవాలి. ఆయనకు ఇచ్చే రుసుము వృథా ఖర్చు కాదు. కుటుంబ ప్రాణరక్షణ కోసం చేసే వ్యయం అది.

మరమ్మతు క్రమం

నీటి దారులు మూసిన తరువాతనే గోడపై పని మొదలవ్వాలి. ముందుగా తాపీ పిడితోగాని చిన్న సుత్తితోగాని గోడంతా మెల్లగా తట్టుతూ పోవాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట పూత ఇటుకను వదిలేసిందని అర్థం. సుద్దముక్కతో దాని చుట్టూ గీత గీసుకోవాలి. అలాంటి చోట పైన బీట మాత్రమే పూడ్చడం నిష్ఫలం.

డొల్ల పూతను గట్టి పూత తగిలేవరకు ఉలితో తొలగించాలి. అంచులు వంకరటింకరగా కాక చతురస్రంగా కోయాలి. ఇటుకల సందుల్లోని వదులు సున్నాన్ని లేదా సిమెంటును సుమారు 10 మిల్లీమీటర్ల లోతు వరకు గీకి, దుమ్మంతా బ్రష్‌తో దులిపి, గోడను తడపాలి. కొత్త పూత పాత పూత కన్నా మరీ గట్టిగా ఉండకూడదు. సిమెంటు ఎక్కువ వేస్తే బలం పెరుగుతుందన్న నమ్మకం సరికాదు; అది ఎక్కువగా ముడుచుకుని అంచుల వద్ద విడిపోతుంది. బయటి గోడకు ఒక పాలు సిమెంటుకు నాలుగైదు పాళ్లు కడిగిన ఇసుక చాలు. లోతు ఎక్కువైతే ఒకేసారి నింపక రెండు వరుసల్లో వేయాలి. పిల్లరు, గోడ కలిసే చోట పూతకు ముందు బీటకు ఇరువైపులా సుమారు 15 సెంటీమీటర్ల చొప్పున కోళ్ల జాలీ బిగించడం అవసరం. పూత గట్టిపడ్డాక కనీసం 7 రోజులు పూటపూటా నీళ్లు పట్టాలి. చాలా ఇళ్లలో పూత పగలడానికి ఈ ఒక్క అశ్రద్ధే కారణం.

పూత గట్టిగానే ఉండి బీట మాత్రం పడిన చోట పద్ధతి వేరు. వెంట్రుకవాసి నెర్రెలను శుభ్రపరచి, సాగే గుణమున్న బయటి రంగుతో కప్పితే సరిపోతుంది. అంతకన్నా వెడల్పైన వాటిని మేకు కొనతోగాని గీకుడు పనిముట్టుతోగాని సుమారు 5 మిల్లీమీటర్ల వరకు తెరవాలి. పైన వెడల్పుగా, లోపల సన్నగా ఉండేలా తెరిచి, దుమ్ము దులిపి, బీటలు పూడ్చే ముద్దను లోపలికంటా ఒత్తాలి. ముద్ద ఆరేకొద్దీ కుంగుతుంది కనుక రెండోసారి నింపాలి. ఏటా కదిలే అతుకుల బీటలకు ఆరాక కూడా రబ్బరులా సాగే ముద్దనే వాడాలి.

తెల్లని ఉప్పు పొడి కనిపిస్తే నీళ్లతో కడగకూడదు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే వెళ్తుంది. పొడి బ్రష్‌తో దులిపి, కింద పడ్డ పొడిని ఎత్తి పారేయాలి. నల్లని, ఆకుపచ్చని పాచి ఉంటే బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీటితో తోమి, కొంతసేపు ఉంచి, మంచినీటితో కడిగి ఆరనివ్వాలి. బ్లీచింగ్ పౌడర్‌ను యాసిడ్‌తో ఎన్నడూ కలపరాదు. ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

పాత రంగును అంతా గీకేయనక్కర్లేదు. వదులుగా ఉన్నంత మేర తొలగించి, గట్టిగా అంటుకున్న రంగు అంచులను గరుకు కాగితంతో రుద్ది సమం చేయాలి. కొత్త పూతను ఆరనివ్వాలి. సాధారణ వాతావరణంలో సుమారు నాలుగు వారాలు పడుతుంది. ఆ తరువాత ఒక వరుస ప్రైమర్, రెండు వరుసలు బయటి గోడలకు ఉద్దేశించిన ఎమల్షన్ వేయాలి. ఎండకు కాలుతున్న గోడపై రంగు వేస్తే పైన ఆరి లోపల పట్టదు. ఉదయం పడమటి గోడ, సాయంత్రం తూర్పు గోడ అన్నట్లు నీడను వెంబడించి పని చేయించాలి. తక్కువ ఖర్చుతో సిమెంటు పెయింట్ వేయించేవారు ఒక తేడా గమనించాలి. ఎమల్షన్‌కు పొడి గోడ కావాలి, సిమెంటు పెయింట్‌కు మాత్రం తడిపిన గోడ, వేశాక నీళ్లు కొట్టడం అవసరం.

సున్నపు గోడలకు సిమెంటు శత్రువు

హైదరాబాద్ పాతబస్తీలోను, కర్నూలు, కడప వంటి పట్టణాలలోను తాతల నాటి ఇళ్లలో ఇంకా చాలా కుటుంబాలు నివసిస్తున్నాయి. ఆ గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నపు గోడ తడిని పీల్చుకుని, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూత వేస్తే ఆ తడి లోపలే బందీ అవుతుంది. కొన్నేళ్లకు సిమెంటు పలకలా ఊడి, తనతోపాటు పాత సున్నాన్ని కూడా లాక్కుపోతుంది. ఇలాంటి ఇళ్లను సున్నంతోనే బాగుచేయించాలి, పైన ఏటా సున్నం కొట్టించాలి. ఈ పని తెలిసిన మేస్త్రీలు అరుదవుతున్నారు కనుక, దొరికిన వారిని గౌరవించి ఆ విద్య నిలిచేలా చూడటం కూడా సమాజ సేవే.

1591లో నిర్మించిన చార్మినార్ సున్నపు పనితనానికి సాక్షి. అంతటి కట్టడం నుంచి కూడా 2019 మే నెల ఆరంభంలో ఒక మినార్‌పై ఉన్న సున్నపు అలంకారపు ముక్క ఊడి కింద పడింది. ఎంత ఘనమైన గోడకైనా నిత్య సంరక్షణ తప్పదని ఆ ఘటన గుర్తు చేస్తుంది.

ఆఫ్రికాలోని మాలి దేశంలో జెన్నె పట్టణపు పెద్ద మస్జిదు ఇందుకు మరో పాఠం. పూర్తిగా మట్టితో నిర్మించిన ఆ మస్జిదు ప్రస్తుత రూపం 1907 నాటిది. వానలు దాని మట్టి పూతను కడిగేస్తాయి. అందుకే ఏటా ఒక రోజు ఊరంతా కలిసి దానికి కొత్త పూత వేస్తుంది. తాపీ పెద్దలు దగ్గరుండి నడిపిస్తారు, యువకులు మట్టి మోస్తారు, స్త్రీలు నీళ్లు తెస్తారు. గోడ పాడైపోయేదాకా చూడక, పాడవకముందే ఏటా చేయి వేయడం అక్కడి ఆనవాయితీ. మనం కూడా ఏటా వానలు ముగిశాక ఒక పూట ఇంటి చుట్టూ తిరిగి, ఒక చిన్న డబ్బా ముద్దతో బీటలు పూడ్చుకుంటే, పదేళ్ల తరువాత వచ్చే పెద్ద ఖర్చు తప్పుతుంది.

పండుగ తేదీ, వాన తేదీ

ఇస్లామీయ సంవత్సరం సూర్యమాన సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది. అందువల్ల రంజాన్ ప్రతి ఋతువులోనూ వస్తుంది. సుమారు 33 ఏళ్లకు ఒక చుట్టు పూర్తవుతుంది. 2017, 2018 సంవత్సరాల్లో ఈదుల్ ఫిత్ర్ జూన్ నెలలో, సరిగ్గా వానలు మొదలయ్యే వేళ వచ్చింది. 2026లో అది మార్చి నెలకు చేరింది. పండుగ వెన్నెలను అనుసరిస్తుంది, గోడ వానను అనుసరిస్తుంది. రెండింటినీ ఒకటిగా చూడటం వల్లనే రంగు తడి గోడపై పడుతోంది.

తెలంగాణలోను, ఉత్తర, మధ్య కోస్తాలోను వానలు తగ్గాక, ఎండలు ముదరకముందు ఉన్న నెలలు గోడ పనికి అనువైనవి. నెల్లూరు వైపు ఈశాన్య ఋతుపవనాలు ఏడాది చివరిదాకా ఉంటాయి కనుక అక్కడ సంక్రాంతి తరువాత మొదలుపెట్టడం మేలు. నడి వేసవిలో పూత త్వరగా ఎండిపోయి పగులుతుంది.

రంజాన్ పొడి కాలంలో వచ్చే ఏళ్లలో ఒక చక్కని క్రమం పాటించవచ్చు. రజబ్‌లో పూత, షాబాన్‌లో ఆరుదల, రంజాన్ నెలవంకకు ముందే రంగు. అప్పుడు ఇల్లు నిలుస్తుంది, ఉపవాసాల నెలంతా దుమ్ము ధూళి లేకుండా ఆరాధనకు, ఖుర్ఆన్ పారాయణానికి మిగులుతుంది. రంజాన్ వానల్లో వచ్చే ఏళ్లలో గోడ కడిగి, ముగ్గురూ నలుగురూ చూసే గేటును మాత్రం శుభ్రపరచుకుని, మిగిలిన పనిని వానల తరువాతకు వాయిదా వేయడంలో లోటేమీ లేదు. పండుగ శోభ గోడ రంగుతోనే రాదు.

ఈ సందర్భంలో ఒక హదీసును మననం చేసుకోవాలి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తమ గుడిసెను బాగు చేసుకుంటుండగా దైవప్రవక్త (స) అటుగా వెళ్తూ, మరణం అంతకంటే త్వరగా రావచ్చని గుర్తు చేసినట్లు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఇది మరమ్మతును నిషేధించడం కాదు, ఇంటి మోజులో పరలోకాన్ని మరువవద్దన్న హెచ్చరిక. గోడను కాపాడుకోవడం అవసరం. ఏటా రంగు మార్చి ఆడంబరం చూపడం దుబారా. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో ప్రతి గృహస్థుడూ తన మనస్సాక్షిని అడగాలి.

నిచ్చెన, తీగ, దుమ్ము

గోడ పనిలో ప్రాణాలకు ముప్పు తెచ్చేవి ప్రధానంగా రెండు. మొదటిది ఎత్తు. మొదటి అంతస్తు దాటితే నిచ్చెన కాక గట్టి సారువలు కట్టించాలి. రెండవది గోడకు దగ్గరగా వెళ్లే విద్యుత్ తీగ. ఇనుప నిచ్చెన, తడి చేతులు, తీగ ఒకచోట చేరకూడదు. అవసరమైతే విద్యుత్ సిబ్బందిని అడిగి సరఫరా ఆపించాకే పని చేయించాలి.

పాత నూనె రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో గృహోపయోగ రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లు మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన కిటికీలు, గ్రిల్లుల రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల శరీరాల్లోకి చేరి మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. నీళ్లు చల్లుతూ గీకాలి, మూతికి మాస్కు ఉండాలి, పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి, రాలిన పెచ్చులను ఎత్తి సంచిలో కట్టి పారవేయాలి.

గల్లీ వైపు వేలాడుతున్న పెచ్చులను మాత్రం ఏ ఋతువు కోసమూ ఆపకూడదు. దారిలో నుంచి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. దారిలోని ముల్లు గురించి చెప్పిన మాట, దారిన పోయేవారి తలపై పడనున్న పెచ్చుకు మరింతగా వర్తిస్తుంది.

పనివారు, పొరుగువారు

చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) ఉపదేశం ఇబ్నె మాజాలో ఉంది. కూలి ఎంతో ముందే తెలియజేయడం కూడా అందులో భాగమే. డొల్ల పూత ఎంత ఉందో తట్టి చూశాకే ధర మాట్లాడుకోవాలి. ఎన్ని వరుసలు, ఏ సామగ్రి, నీళ్లు పట్టే బాధ్యత ఎవరిది, వాన వస్తే ఏమిటి అన్నవి కాగితంపై వ్రాసుకుంటే తరువాత మనస్పర్థలు ఉండవు. వాయిదా లావాదేవీలను వ్రాసుకోమని బఖరా సూరా 282వ ఆయతు ఇచ్చిన ఆదేశంలో ఎంత వివేకం ఉందో ఇలాంటి చిన్న పనుల్లోనే తెలుస్తుంది. ఉపవాసమున్న పనివాడిని మిట్టమధ్యాహ్నం సారువ ఎక్కించడం మానవత్వం కాదు, పనివేళలు మార్చాలి.

ఇరుకు బస్తీల్లో మన గోడ పొరుగువారి వాకిట్లో ఉంటుంది. మన డాబా తూము వారి గోడను తడుపుతుంది. పొరుగువాడు తన గోడకు దూలం ఆనించుకుంటానంటే అడ్డుచెప్పవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. అలాంటప్పుడు గోడ బాగుచేసుకోవడానికి మన వాకిలి గుండా నిచ్చెన వేసుకుంటానని ఎదురింటివారు అడిగితే కాదనడం తగునా? అలాగే మన పనికి వారి వాకిలి వాడుకున్నప్పుడు, పడ్డ రంగు చుక్కలు తుడిచి, పెచ్చులు ఎత్తి, సెలవు తీసుకోవడం మన ధర్మం.

తడి ధాన్యం, తడి గోడ

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. లోపల వేళ్లకు తడి తగిలింది. ఏమిటిదని అడిగితే వానకు తడిసిందని వర్తకుడు జవాబిచ్చాడు. జనం చూసేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించి, మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఇల్లు అమ్మే ముందు, అద్దెకు ఇచ్చే ముందు హడావుడిగా వేయించే రంగుకు ఈ హదీసు అద్దం పడుతుంది. రంగు వేయించడం తప్పు కాదు. కానీ పునాది కదలిక వల్ల పడిన బీటపై పుట్టీ మెత్తి, తడి గోడను మెరిసే రంగుతో కప్పి, కొనేవారికి చెప్పకుండా ఊరుకోవడం తడి ధాన్యంపై పొడి ధాన్యం పోయడమే. అద్దెకు దిగిన కుటుంబం ముందస్తు సొమ్ము కట్టి, సామాను దించుకున్నాక, మొదటి వానకే గోడ తడుస్తుంది. చెమ్మ గదిలో బూజు పడుతుంది. ఉబ్బసమున్న పిల్లలకు, వృద్ధులకు ఊపిరి బరువవుతుంది. ఆ కష్టానికి కారణం వాన అని వారు అనుకోవచ్చు. యజమానికి మాత్రం నిజం తెలుసు, సర్వజ్ఞుడైన అల్లాహ్‌కు తెలుసు.

అమ్మేవారు, కొనేవారు నిజం పలికి, లోపాలను వెల్లడిస్తే వారి బేరంలో శుభం కలుగుతుందని, దాచిపెడితే ఆ శుభం తొలగిపోతుందని ప్రవక్త (స) తెలిపారు. కనుక గోడ పరిస్థితిని ముందే చెప్పాలి. పెన్సిలుతో తేదీ వ్రాసి గమనించిన బీటను దాచక చూపాలి. ఏమి బాగు చేయించారో, ఏమి మిగిలి ఉందో వివరించి, అందుకు తగ్గ ధర మాట్లాడుకోవాలి. అద్దెకు తీసుకునేవారు కూడా తాళం చేతికి రాకముందే గోడలను తట్టి చూడటం, వానాకాలంలో ఎలా ఉంటుందని అడగటం తమ హక్కుగా భావించాలి. నిజం చెప్పి ఇచ్చిన ఇంటి అద్దె కొంత తక్కువైనా అది హలాల్. గోడలోని తడిని దాచి పొందిన ఎక్కువ సొమ్ములో శుభం ఉండదు.